డెనాలి మీద చిన్న విమానం: గ్లేసియర్ మీద దిగాలా, శిఖరం చుట్టూ తిరగాలా?

ప్రశ్న: జూలై మొదటి వారంలో డాలస్ నుంచి అలాస్కా వెళ్తున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న (66, 71), మా ఆరేళ్ళ పాప, మేమిద్దరం. టల్కీట్నా నుంచి చిన్న విమానంలో డెనాలి కొండ చూడాలని ఉంది. గ్లేసియర్ (మంచు నది) మీద దిగే టూర్ మంచిదా, శిఖరం ఎత్తుకి తీసుకెళ్ళేదా? నాన్నకి బీపీ, అమ్మకి ఒక మోకాలు మార్చారు. దీనికి ప్లాన్‌లో ఒక్క మధ్యాహ్నమే ఉంది. అసలు భద్రమేనా?

జవాబు:

మీరు అడిగిన వాటిలో టూర్ ఏది అన్నది తేలిగ్గా తేలిపోతుందండీ. ఇబ్బందల్లా ఆ "ఒక్క మధ్యాహ్నం"తోనే. ముందు దాని సంగతి చూద్దాం.

డెనాలి ఎత్తు 20,310 అడుగులు. చుట్టూ ఉన్న పల్లపు నేల మాత్రం సముద్ర మట్టానికి పెద్ద ఎత్తేమీ కాదు. టల్కీట్నా ఊరే మూడు వందల యాభై అడుగుల దగ్గర ఉంటుంది. పసిఫిక్ నుంచి వచ్చే తేమ గాలికి అలాంటి గోడ ఒక్కసారిగా అడ్డం పడితే అది పైకెక్కి, చల్లబడి, అక్కడికక్కడే మేఘం కడుతుంది. అందుకే అలాస్కా వెళ్ళిన వాళ్ళలో ముగ్గురిలో ఒక్కరికే ఆ కొండ కనిపిస్తుందని అక్కడి వాళ్ళంటారు. అది నేల మీద నుంచి చూసేవాళ్ళ లెక్క. విమానంలో పరిస్థితి కొంత మెరుగు. ఊళ్ళో తుంపర పడుతున్నా ఏడెనిమిది వేల అడుగులు దాటాక పైన ఎండ కాస్తున్న రోజులుంటాయి. ఊళ్ళో చక్కటి ఎండ ఉండి కొండల సందులన్నీ మూసుకుపోయిన రోజులూ ఉంటాయి. కాబట్టి హోటల్ కిటికీలోంచి చూసి మీరే నిర్ణయించుకోకండి. చెక్-ఇన్ టైముకి ఆఫీసుకి వెళ్ళండి, లేదా ఉదయాన్నే ఫోన్ చేయండి. అంతకు ముందు వెళ్ళొచ్చిన పైలట్ చెప్పేదే అక్కడ అసలైన వాతావరణ వార్త.

ఇప్పుడు ప్లాన్ మార్చుకునే ఉపాయం. యాంకరేజ్ నుంచి టల్కీట్నాకి సుమారు 115 మైళ్ళు, కారులో రెండు, రెండున్నర గంటలు. పార్క్స్ హైవే మీద 98.7వ మైలు దగ్గర కుడికి తిరిగి 14 మైళ్ళు లోపలికి వెళ్ళాలి. డెనాలి నేషనల్ పార్కు ముఖద్వారం అదే హైవే మీద 237వ మైలు దగ్గర ఉంది. అంటే పార్కుకి వెళ్ళేటప్పుడూ, తిరిగి వచ్చేటప్పుడూ మీరు టల్కీట్నా మలుపు మీదుగానే వెళ్తారు. వెళ్ళేటప్పుడు టల్కీట్నాలో ఒక రాత్రి ఉండి, విమానాన్ని ఆ రోజుకే బుక్ చేయండి. వాతావరణం కుదరకపోతే మర్నాడు ఉదయానికి మార్చమనండి. అదీ కుదరకపోతే పార్కు నుంచి తిరిగొచ్చే రోజుకి. ఒక్క మధ్యాహ్నం పెట్టుకున్న చోట మూడు అవకాశాలు దొరుకుతాయి. చాలామంది చేసే పొరపాటు దీన్ని ట్రిప్పు ఆఖరి రోజుకి పెట్టుకోవడం. ఆ రోజు రద్దయితే డబ్బు వెనక్కి వస్తుంది, చూడాల్సింది మాత్రం మిగిలిపోతుంది. వాతావరణం వల్ల వాళ్ళు రద్దు చేస్తే డబ్బు తిరిగివ్వడం మామూలే. మీరు మానుకుంటే ఎన్ని గంటల ముందు చెప్పాలో మాత్రం బుకింగ్‌లో చదవండి.

జూలైలో రాత్రి పదకొండు దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి సాయంత్రం ట్రిప్పులు కూడా నడుస్తాయి. ఉదయం గాలి నిలకడగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండకి కింది అడవి, రాళ్ళు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, విమానం ఎక్కువ ఊగుతుంది. పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి ఉదయం తీసుకోండి. ఫొటోలే ముఖ్యమైతే సాయంత్రం వెలుగు బాగుంటుంది.

ఎఫ్‌ఏఏ (అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ) వాళ్ళ వెదర్ కెమెరాలు అలాస్కా అంతటా ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఊరికే ఇప్పటి బొమ్మ చూస్తే ఏమీ తెలియదు. పక్కనే మబ్బు లేని రోజు తీసిన బొమ్మ ఉంటుంది, అందులో ఏ కొండ ఎంత దూరమో గుర్తులు వేసి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి ఏ గుర్తు దాకా కనిపిస్తోందో చూసుకుంటే ఆ రోజు చూపు ఎంత దూరం ఆనుతుందో అర్థమవుతుంది.

ఇక టూర్ సంగతి. కంపెనీని బట్టి పేర్లు మారతాయి కానీ ఉన్నవి మూడు రకాలే. మొదటిది గంట లోపు, కొండ దక్షిణం వైపు గ్లేసియర్ల మీదుగా ఎగిరి వచ్చేది. రెండోది గంట, గంటంబావు తిరుగుడు, మధ్యలో రూత్ గ్లేసియర్ మీద దిగి ఇరవై నిమిషాల నుంచి అరగంట ఆగడం. మూడోది ఇరవై వేల అడుగుల దాకా ఎక్కి శిఖరం చుట్టూ తిరిగేది. ధరలు మనిషికి సుమారు మూడు వందల డాలర్ల నుంచి ఐదారు వందల దాకా ఉంటాయి. దిగే టూర్ అయితే పార్కు ప్రవేశ రుసుము విడిగా, పదహారేళ్ళు నిండిన వాళ్ళకి 15 డాలర్లు. నేషనల్ పార్క్స్ వార్షిక పాస్ ఉంటే వెంట తీసుకెళ్ళండి.

మీ కుటుంబానికి రెండోదే సరైనది. శిఖరం టూర్ మీకు వద్దంటాను, కారణం ఇదీ. ఈ విమానాల్లో పెద్ద జెట్లలోలా లోపలి గాలి ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటు ఉండదు. బయట ఎంతో లోపలా అంతే. పది వేల అడుగుల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానికి 69 శాతం. ఇరవై వేల దగ్గర సగం కూడా ఉండదు, 46 శాతం. అమెరికా నిబంధన ప్రకారం 15,000 అడుగులు దాటితే విమానంలో ప్రతి ఒక్కరికీ ఆక్సిజన్ ఇవ్వాలి, ముక్కు దగ్గర గొట్టం పెడతారు. ఆరోగ్యవంతులకి అదేమీ పెద్ద విషయం కాదు. 71 ఏళ్ళ బీపీ మనిషికి, ముక్కు దగ్గర గొట్టాన్ని నిమిషానికోసారి పీకేసే ఆరేళ్ళ పిల్లకి అది అనవసరపు యాతన. పైగా అంత ఎత్తు నుంచి చూస్తే కొండలు అణిగి బల్లపరుపుగా కనిపిస్తాయి. ఈ చోటి అందమంతా గోడల మధ్యలోంచి వెళ్ళడంలో ఉంది.

ఆ గోడల గురించి కొంచెం చెప్పాలి. టల్కీట్నా దగ్గర సుసిట్నా, చులిట్నా, టల్కీట్నా అనే మూడు నదులు కలుస్తాయి. విమానం లేవగానే కింద కనిపించేవి అవే. గ్లేసియర్ నూరిన రాతి పిండితో బూడిద రంగు నీళ్ళు, జడ పాయల్లా విడిపోతూ కలుస్తూ ఉంటాయి. ఆ తరువాత రూత్ గ్లేసియర్ మూతి, అంటే దాని కింది కొస. చాలామంది దాన్ని మట్టి దిబ్బలనుకుంటారు. అది మంచే, పైన రాళ్ళ దుప్పటి కప్పుకుని ఉంటుంది. అక్కడక్కడ నీలం మడుగులు కనిపిస్తే నమ్మకం కుదురుతుంది. పైకి వెళ్ళేకొద్దీ గ్లేసియర్ ఇరుకైన గ్రానైట్ గోడల మధ్యకి చేరుతుంది. అదే గ్రేట్ గార్జ్. మంచు మట్టం నుంచి గోడలు సుమారు ఐదు వేల అడుగులు లేచి ఉంటాయి. కింద మంచు లోతు కొలిస్తే 3,800 అడుగులని తేలింది. ఆ ఇరుకులో మంచు రోజుకి మూడడుగుల చొప్పున జరుగుతుంది. గార్జ్ దాటగానే గోడలు విచ్చుకుని, నాలుగు వైపుల నుంచి మంచు వచ్చి కలిసే పెద్ద తెల్లటి గిన్నె. డాన్ షెల్డన్ ఆంఫీథియేటర్ అంటారు. షెల్డన్ టల్కీట్నా పైలట్. అక్కడ మంచు మధ్య పొడుచుకొచ్చిన రాతి గుట్ట మీద 1966లో ఆయన కట్టించిన చిన్న ఇల్లు ఇప్పటికీ ఉంది. మీరు దిగేది సాధారణంగా ఆ గిన్నెలోనే, ఐదున్నర, ఆరు వేల అడుగుల ఎత్తులో. ఆక్సిజన్ అవసరం రాదు. దారిలో విమానం ఎక్కేది కూడా ఎనిమిది, పది వేల అడుగుల మధ్యే.

పేరు గురించి ఒక మాట: 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం శిఖరానికి మళ్ళీ మౌంట్ మెకిన్లీ అని పెట్టింది. పార్కు పేరు డెనాలి గానే ఉంది, అక్కడి జనమూ డెనాలి అనే అంటారు. మ్యాపుల్లో రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడకండి.

విమానాలు రెండు రకాలు ఎక్కువ, రెండూ కెనడా డి హావిలాండ్ కంపెనీవే. బీవర్ 1947లో మొదట ఎగిరింది, 450 హార్స్ పవర్ పిస్టన్ ఇంజను, ఐదారుగురు పడతారు. ఆటర్ దాని పెద్దన్న. పాత ఇంజను తీసి టర్బైన్ పెట్టిన ఆటర్లే ఇప్పుడు ఎక్కువ తిరుగుతాయి, పదిమంది దాకా పడతారు. "అరవై, డెబ్భై ఏళ్ళ పాత విమానమా!" అని భయపడక్కర్లేదు. వాటిలో పాతదంటే నమూనాయే. ఇంజను, రెక్కల బోల్టులు, కేబుళ్ళు, అన్నీ గంటల లెక్కన విప్పి చూసి మారుస్తూ ఉంటారు. ఇంకా వీటినే వాడడానికి కారణం తక్కువ వేగంలో నిలకడగా ఎగరడం, కొద్దిపాటి జాగాలో లేవడం. రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందికి చూపు ఆగదు.

దిగడం ఎలా జరుగుతుందో తెలిస్తే అమ్మగారికి సగం భయం పోతుంది. చక్రాలతో పాటు స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలు ఉంటాయి. స్కీ మధ్యలో గాడి, అందులోంచి చక్రం కిందికి పొడుచుకుని ఉంటుంది. టల్కీట్నా తారు రన్‌వే మీద చక్రాలతో లేస్తుంది. గ్లేసియర్ దగ్గరికి వచ్చాక పైలట్ హైడ్రాలిక్ పంపుతో స్కీలని చక్రాల కంటే కిందికి దించుతారు. మీ పక్క కిటికీలోంచి చూస్తే స్కీ జరగడం కనిపిస్తుంది. ఆ తరువాత దిగే చోటు మీదుగా ఒకసారి తక్కువ ఎత్తులో వెళ్ళి మంచు ఎలా ఉందో, పాత స్కీ జాడలు ఎక్కడున్నాయో చూస్తారు. దిగేది ఎప్పుడూ ఎగువకే. మంచు మీద బ్రేకులు ఉండవు, ఆ వాలే బ్రేకు. పైకి లేచేది దిగువకి. అందుకని దిగాక విమానం ఆగిపోకుండా ఇంజను బలంగా తిప్పుతూ, మంచు మీదే గుండ్రంగా తిరిగి ముక్కు దిగువకి వచ్చాక ఆపుతారు. ఆ చప్పుడికి చాలామంది ఏదో అయిందని బెదురుతారు. ఏమీ కాలేదు, అలాగే చేయాలి. ఎగువకి ముఖం పెట్టి ఆగిపోతే మెత్తటి మంచులో స్కీ దిగబడి, తిప్పడానికి అందరూ తోయాల్సి వస్తుంది. తడి మంచులో స్కీ అడుగు వేడికి మంచు కరిగి, ఆగగానే గడ్డకట్టి అతుక్కుంటుంది కూడా. రెక్క పట్టుకుని ఊపి విడిపించడం మామూలు పనే.

దిగడాన్ని రద్దు చేయించేది తరచుగా గాలి కాదు, వెలుతురు. పైన పలచటి మబ్బు ఒకే మాదిరిగా కప్పితే మంచు మీద నీడ పడదు. గుంట ఏదో, గట్టు ఏదో, ఉపరితలం పది అడుగుల కింద ఉందో యాభై అడుగుల కింద ఉందో కంటికి తెలియదు. పాల గ్లాసులోకి చూస్తున్నట్టు ఉంటుంది. కింద గ్లేసియర్ బ్రహ్మాండంగా కనిపిస్తూనే ఉంటుంది, మీరు "ఇంత బాగుంటే ఎందుకు దిగట్లేదు?" అనుకుంటారు. మీకు కనిపించేది చుట్టూ ఉన్న నల్ల రాయి. స్కీ కింద ఉన్న తెలుపు పైలట్‌కి కనిపించట్లేదు. అందుకే పాత స్కీ జాడలకీ, మంచులో గుచ్చిన కర్రలకీ, నల్ల సంచులకీ అంత విలువ. దిగకపోతే దిగడానికి కట్టిన తేడా సొమ్ము తిరిగిస్తారా అని బుకింగ్ అప్పుడే అడగండి. మామూలుగా ఇస్తారు. "దిగుదాం, పర్వాలేదు" అని పైలట్‌ని మాత్రం బతిమాలకండి.

రెండో కారణం కాలం. వేసవి ముదిరేకొద్దీ పై మంచు కరిగి పగుళ్ళు బయటపడతాయి, దిగే చోటు మారుస్తారు, కొన్నేళ్ళు జూలై చివరికల్లా ఆపేస్తారు. మీరు వెళ్ళే మొదటి వారంలో సాధారణంగా దిగుతూనే ఉంటారు. అయినా ఆ వారం పరిస్థితి అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మీ ఇంటి మనుషుల సంగతి.

నాన్నగారి బీపీ అదుపులో ఉంటే ఈ ఎత్తుకి మామూలుగా ఇబ్బంది ఉండదు. గుండె ఆపరేషన్, స్టెంటు, ఊపిరితిత్తుల జబ్బు, పడుకుంటే ఆయాసం లాంటివి ఏవైనా ఉంటే మాత్రం డాక్టరుని "పది వేల అడుగుల ఎత్తులో గంట సేపు" అని స్పష్టంగా చెప్పి అడగండి. "విమానం ఎక్కొచ్చా?" అని అడిగితే పెద్ద జెట్ అనుకుని సరే అంటారు. ఇంకొకటి, బీపీ మాత్రల్లో కొన్నిటికి మూత్రం ఎక్కువ వస్తుంది. విమానంలోనూ మరుగుదొడ్డి లేదు, గ్లేసియర్ మీదా లేదు. బస్సెక్కే ముందు వెళ్ళినట్టు ఆఫీసులోనే వెళ్ళి రావాలి. మాత్ర టైము మార్చడం, మానడం మీ అంతట మీరు చేయకండి, డాక్టరుని అడిగే చేయండి.

అమ్మగారి మోకాలికి కష్టం విమానం ఎక్కడం దగ్గరే. ఆటర్‌కి వెనక తలుపు దగ్గర చిన్న నిచ్చెన ఉంటుంది, మెట్టుకి మెట్టుకి ఎత్తు ఎక్కువ. ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు మోకాలు మార్చిన కాలు. ఫిజియోథెరపీలో చెప్పే ఉంటారు. గ్లేసియర్ మీద దిగేటప్పుడు కింద మంచు కాబట్టి ఒకరు కింద నిలబడి చెయ్యి ఇవ్వండి. చీర వద్దు. నిచ్చెన మీద కుచ్చిళ్ళు కాలికి చుట్టుకుంటాయి. చున్నీ కూడా వద్దు, లేదా కోటు లోపల దోపుకోవాలి. రన్‌వే మీద పక్క విమానం ప్రొపెల్లర్ గాలి ఎప్పుడు కొడుతుందో తెలియదు. మెత్తటి ప్యాంటు, పైన రెండు పొరలు, పలచటి జాకెట్ చాలు. ఊళ్ళో 18 డిగ్రీలు ఉంటే ఆరు వేల అడుగుల దగ్గర ఆరేడు ఉంటుంది. ఎండలో మాత్రం మంచు మీద వెచ్చగానే ఉంటుంది. బూట్ల మీద తొడుక్కోవడానికి పెద్ద పైబూట్లు వాళ్ళే ఇస్తారు, కాబట్టి స్నో బూట్లు కొనకండి.

నల్ల కళ్ళద్దాలు మాత్రం ఐదుగురికీ ఉండాల్సిందే, పాపకి కూడా. పై నుంచి ఎండ, కింది నుంచి మంచు తిరగ్గొట్టే ఎండ. కాసేపటికే కళ్ళు మండుతాయి. సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు కిందా రాయండి, అక్కడే కాలుతుంది.

పాపకి చెవుల గురించి జాగ్రత్త. ఎక్కేటప్పుడు కంటే కిందికి దిగేటప్పుడే నొప్పి. అప్పుడు చప్పరించడానికి ఏదైనా ఇవ్వండి, మధ్యలో గుక్కెడు నీళ్ళు. జలుబు గట్టిగా ఉంటే ఆ రోజు వాయిదా వేయడమే మంచిది. హెడ్‌సెట్ పెద్దదిగా ఉంటుంది, ముందే ఆఫీసులో పిల్లలది అడగండి.

వాంతుల సంగతి. మెక్లిజిన్ లాంటి మాత్ర పనిచేయాలంటే ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. నాన్నగారి మాత్రలతో పడుతుందో లేదో ఫార్మసీలో అడగండి, గ్లాకోమా, ప్రొస్టేట్ ఇబ్బంది ఉంటే తప్పక అడగాలి. ఖాళీ కడుపుతో ఎక్కడం తప్పు, పులిహోర పట్టించి ఎక్కడం అంతకంటే తప్పు. రెండు ఇడ్లీల పాటి తిండి గంటన్నర ముందు. విమానంలో ఫోన్ తెరలోకి చూస్తూ కూర్చుంటే ఎవరికైనా తిప్పుతుంది. దూరంగా ఉన్న కొండ మీద చూపు నిలపమనండి.

బరువు నిజం చెప్పండి. బుకింగ్‌లో ఒక్కొక్కరి బరువు అడుగుతారు, అక్కడ తూస్తారు కూడా. కిలోలని 2.2తో గుణిస్తే పౌండ్లు. 70 కిలోలు అంటే 154 పౌండ్లు, జాకెట్, బూట్లు, కెమెరాతో మరో పది. పదిమంది తలో పది పౌండ్లు తగ్గించి చెప్తే వంద పౌండ్లు తేడా. ఆరు వేల అడుగుల దగ్గర తడి మంచులో అది లేచే దూరాన్ని నిజంగానే పెంచుతుంది. సీట్లు కూడా బరువుని బట్టే కేటాయిస్తారు. పైలట్ పక్క సీటు ఎవరికి వస్తుందో చెప్పలేం, గాల్లో సీట్లు మారడానికీ ఉండదు. ఇలాంటి విమానాల్లో అందరికీ కిటికీ వస్తుంది కాబట్టి గొడవ లేదు. పాప పక్కన పెద్దవాళ్ళు ఉండాలని మాత్రం ముందే చెప్పండి.

భద్రత గురించి సూటిగా అడిగారు. పెద్ద విమానయానంతో పోలిస్తే ఇది ఎక్కువ ప్రమాదం ఉన్న పని, దాచడానికి ఏమీ లేదు. 2018 ఆగస్టు 4న సైట్‌సీయింగ్‌కి వెళ్ళిన ఒక బీవర్ థండర్ మౌంటెన్ అనే గట్టుకి దాదాపు 10,900 అడుగుల దగ్గర తగిలి, పైలట్, నలుగురు పోలండ్ ప్రయాణికులు చనిపోయారు. ఆ రోజు కొండలు మబ్బులో ఉన్నాయి. ఇక్కడ పెద్ద శత్రువు ఇంజను కంటే మబ్బే. లోయలో వెళ్తుండగా ముందు మూసుకుపోతే వెనక్కి తిరగడానికి చోటు ఉండాలి. అందుకే మంచి పైలట్ లోయ మధ్యలోంచి కాకుండా ఒక పక్కగా వెళ్తారు, తిరగాల్సి వస్తే లోయ వెడల్పంతా వాడుకోవడానికి. కిటికీ పక్కనే గోడ కనిపించి "ఇంత దగ్గరగానా!" అనిపిస్తే కారణం అదే. గట్టు దాటి కిందికి దొర్లే గాలి విమానాన్ని కుంగదీస్తుంది, గాలి ఎక్కువగా ఉన్న రోజు పెద్ద గట్ల ఆ పక్కకి పోరు. దిగే చోటు దగ్గర నలుగురైదుగురు పైలట్లు ఒకేసారి ఉంటారు, కంట్రోల్ టవర్ ఉండదు. ఎవరు ఎక్కడ ఎంత ఎత్తులో ఉన్నారో రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు. మీ హెడ్‌సెట్‌లో పైలట్ కబుర్లు మధ్యలో ఆగిపోయాయంటే ఆ మాటలు వింటున్నారన్నమాట. అప్పుడు మీరు ప్రశ్నలు వేయకండి.

కంపెనీని అడగాల్సినవి రెండు. ఈ సీజన్‌లో మంచు మీద దిగే పైలట్లకి ఇక్కడ ఎన్ని సీజన్ల అనుభవం? దారి మూసుకుపోతే వెనక్కి తిరిగిన ట్రిప్పుకి డబ్బు ఏం చేస్తారు? రెండోదానికి తడుముకోకుండా జవాబు వస్తే మంచి గుర్తు. వెనక్కి తిరిగినందుకు నష్టం లేని చోట పైలట్ తేలిగ్గా వెనక్కి తిరుగుతారు.

మబ్బు కమ్మి గ్లేసియర్ మీదే ఉండిపోవాల్సి రావడం అరుదు, కానీ అసాధ్యం కాదు. అలాస్కా చట్టం ప్రకారం విమానంలో ఒక్కొక్కరికి వారం రోజుల ప్రాణాధార తిండి, గొడ్డలి, ప్రథమ చికిత్స పెట్టె, నిప్పు రాజేసే సామాను, సంకేతాలిచ్చే పరికరాలు ఉండాలి. దోమతెర కూడా ఉంది ఆ జాబితాలో, అలాస్కా దోమల్ని చూస్తే ఎందుకో తెలుస్తుంది. మీ వైపు నుంచి నాన్నగారి మాత్రలు ఒక రోజువి జేబులో ఉంచండి, కారులో వదిలేయకండి.

మంచు మీద దిగాక పైలట్ చూపించిన పరిధి దాటకండి. పగులు మీద సన్నటి మంచు కప్పు ఉంటే పై నుంచి ఏమీ తెలియదు. విమానం ముందు వైపుకి పోవద్దు, ఇంజను ఆగి ఉన్నా సరే. రాయి ముక్క జ్ఞాపకంగా తేవడం, డ్రోను ఎగరేయడం పార్కులో కుదరవు.

ఫొటోలకి నల్ల చొక్కా వేసుకోండి, తెల్ల జాకెట్ కిటికీలో ప్రతిఫలించి ప్రతి బొమ్మలోనూ మీరే ఉంటారు. పోలరైజర్ ఫిల్టర్ తీసేయండి, కిటికీ ప్లాస్టిక్ మీద ఇంద్రధనుస్సు చారలు వస్తాయి. లెన్సు కిటికీకి ఆనించకండి, ఇంజను వణుకు ఎక్కుతుంది. ఫోన్‌లో మంచు బూడిద రంగులో వస్తే తెర మీద వేలుతో నొక్కి వెలుగు కొద్దిగా పెంచండి.

ఇంకొక చిన్నది. అలాస్కాలో దిగగానే అందరూ ఎలుగుబంటి స్ప్రే కొని బ్యాగులో వేసుకుంటారు. అది విమానం లోపల పొరపాటున పేలితే పైలట్ కళ్ళు కూడా కనిపించవు. కారులోనే వదిలేసి రండి, లేదా చెక్-ఇన్‌లో చెప్పి అప్పగించండి.